వంట ఆయనది, మెప్పు నాది

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు ఏడు పేజీల ఉత్తరం రాశారు. పేరు, ఉద్యోగం చేసే చోటు బయటపెట్టవద్దని కోరారు కాబట్టి అవి తీసేసి, మిగిలిన విషయం మాత్రం కుదించి ఇక్కడ ఇస్తున్నాను.

ఆమెకు నలభై ఏళ్లు. పుట్టింటివారిది గుంటూరు వైపు, అత్తింటివారిది నెల్లూరు జిల్లాలో కావలి దగ్గర పల్లెటూరు. ఆమె ఒక బ్యాంకులో మేనేజరు, చేతికి వచ్చే జీతం లక్షన్నరకు కొంచెం తక్కువ. భర్త పద్నాలుగేళ్లు పనిచేసిన ప్రైవేటు కంపెనీ రెండున్నరేళ్ల కిందట ఇక్కడి యూనిట్‌ను మూసేసింది. ఆరేడు నెలలు ఆయన ఇంటర్వ్యూలకు తిరిగారు. ఆ మధ్యలోనే చిన్నవాడికి డెంగీ వచ్చి ఆసుపత్రిలో చేర్చవలసి వస్తే, అవి ఆమెకు ఆడిట్ రోజులు కావడంతో ఆయనే పిల్లవాడి పక్కన ఉన్నారు. తర్వాత వంటమనిషి మానేసింది. కొత్త మనిషి దొరికేదాకా అని వంట మొదలుపెట్టిన ఆయన, ఆ తర్వాత కొత్త మనిషిని వెతకడం మానేశారు. ఇప్పుడు పిల్లల బడి, వాళ్ల హోంవర్కు, సరుకులు, తల్లిగారి బీపీ మాత్రలు అన్నీ ఆయనవే. ఇల్లు ఇంతకు ముందెన్నడూ ఇంత సాఫీగా నడవలేదని ఆమే ఒప్పుకున్నారు.

కాని బంధువులందరికీ "ఇంటి నుంచి కన్సల్టెన్సీ చేస్తున్నారు" అని చెప్పారు. ఆ అబద్ధం మొదట ఎవరి నోట వచ్చిందో కూడా ఆమెకు ఇప్పుడు గుర్తులేదు. రెండు నెలల కిందట బావగారి కుటుంబం భోజనానికి వచ్చింది. చేపల పులుసు మర్నాటికి రుచి తేలుతుందని ఆయన ముందురోజు రాత్రే మామిడికాయ ముక్కలు వేసి పెట్టి ఉంచారు. "కింద కారు ఆగిన చప్పుడు వినగానే ఆయన చేతులు కడుక్కుని హాల్లో పేపరు పట్టుకుని కూర్చున్నారు. నేను కొంగు బొడ్లో దోపుకుని వంటింట్లోకి వెళ్లాను. పెరుగుపచ్చడికి పోపు పెట్టాలి. తోడికోడలు నా వెనకే వచ్చి నిలబడింది. పోపులపెట్టె ఎక్కడుందో నాకు తెలియదు. మూడు అరలు తెరిచాను. పన్నెండేళ్ల మా అమ్మాయి ఏమీ మాట్లాడకుండా స్టవ్ కింది సొరుగులోంచి తీసి నా చేతిలో పెట్టింది" అని రాశారు. భోజనాల దగ్గర బావగారు, గుంటూరు పిల్లవైనా మా నెల్లూరు పులుసు అచ్చంగా పట్టేశావమ్మా అని మెచ్చుకుంటే ఆమె థాంక్స్ చెప్పారు. అత్తగారు కంచంలోంచి తల ఎత్తలేదు. ఆ రాత్రి కూతురు, "పులుసు పెట్టింది నాన్న కదా, పెదనాన్న మెచ్చుకుంటే నువ్వెందుకు థాంక్స్ అన్నావు?" అని అడిగింది.

వచ్చే నెలలో ఆ అమ్మాయికే ఓణీల వేడుక. రెండు వందల మంది వస్తారు. ఈలోగా భర్త మేనత్త కొడుకు తన రియల్ ఎస్టేట్ ఆఫీసులో మార్కెటింగ్ పని ఇస్తానన్నాడు: నెలకు పాతిక వేలు, ప్లాట్లు అమ్మితే కమీషను. వేడుక లోపల ఆయన అందులో చేరితే పదిమందిలో చెప్పుకోవడానికి ఒక పేరు ఉంటుందని అత్తగారి మాట. "మగవాణ్ణి ఇంట్లో కూర్చోబెట్టి పోషిస్తున్నావన్న మాట మనకొద్దు" అని ఫోనులో కన్నతల్లి మాట. భర్తను అడిగితే "నీ ఇష్టం" అన్నారట. మార్చి 8న ఆఫీసులో "ఇంటినీ ఉద్యోగాన్నీ సమానంగా నెగ్గుకొచ్చిన మహిళ" అంటూ ఇచ్చిన షీల్డును ఆమె బీరువాలో బట్టల కింద దాచిపెట్టారు. ఆయన్ను ఆ ఉద్యోగంలో చేరమని చెప్పాలా, నిజం బయటపెట్టాలా, తన సంపాదనే ఆయన్ను చిన్నబుచ్చిందా, ఇంతకీ తాను ఇల్లాలిగా ఓడిపోయిందా అన్నవి ఆమె ప్రశ్నలు.

*

మీ ప్రశ్నల కంటే, మీరు దారిన పోతూ రాసేసిన రెండు సంగతుల దగ్గర నేను ఎక్కువసేపు ఆగాను. ఒకటి, ఆఫీసులో చికాకుపడి వచ్చిన రోజున కూరలో ఉప్పు ఎక్కువైతే "రోజంతా ఇంట్లోనేగా ఉండేది, అది కూడా చూసుకోలేవా" అన్నానని, ఆ పూట ఆయన మీతో కూర్చుని తినలేదని రాశారు. రెండోది, స్కూటరు టైరు మార్చడానికి ఆయన మిమ్మల్ని పద్నాలుగు వందలు అడుగుతూ పాత నెల సరుకుల లెక్క కూడా చీటీ మీద రాసి చూపించారని, అది చూసి మీకు జాలి వేసిందని. ఈ రెండు వాక్యాల్లో మీ పేరు తీసేసి చదివితే, ఇవి మన తాతలూ తండ్రులూ ఇళ్లలో నడిపిన సంభాషణలే. అమ్మ చీటీ రాసుకుని నాన్న ఎదుట నిలబడిన ఇళ్లు మనలో చాలామందికి తెలుసు. మీ ఇంట్లో కుర్చీలు మారాయి. కుర్చీలో కూర్చున్నవారి మాట తీరు మాత్రం పాతదే మిగిలింది. ఇది మీ మీద నింద కాదు, ఎందుకంటే బయటి నుంచి సంపాదించి తెచ్చే మనిషి ఇంట్లో ఎలా ప్రవర్తించాలో మనకు వేరే నమూనా ఏదీ కళ్లెదుట లేదు. అయినా మీరు దీన్ని గుర్తించకుండా మిగిలిన ప్రశ్నల జోలికి వెళితే జవాబు దొరకదు.

మీరు ఆయన పరువు కాపాడడానికి అబద్ధం చెబుతున్నామనుకుంటున్నారు. ఆ భోజనం రోజున ఎవరికి ఏం దక్కిందో ఒకసారి లెక్క వేసి చూడండి. పెద్ద ఉద్యోగం చేస్తుందన్న గౌరవం మీకు వచ్చింది, ఉద్యోగం చేస్తూ కూడా ఇంత బాగా వండిపెడుతుందన్న మెప్పూ మీకే వచ్చింది. ఆయనకు లేని కన్సల్టెన్సీ ఒకటి దక్కింది, అది ఎలా నడుస్తోందని ఎవరైనా అడిగితే మాట దాటవేయవలసిన ఇబ్బంది దక్కింది. ఆయన నిజంగా చేసిన పని, అంటే ముందురోజు చేపలు ఏరి తెచ్చి, కడిగి, చింతపండు పులుసు తీసి, మంట దగ్గర నిలబడి చేసిన పని, ఎవరి లెక్కలోకీ రాలేదు. మన ఆడవాళ్ల ఇంటిపనికి తరతరాలుగా జరిగినది సరిగ్గా ఇదే.

ఇంటిపని కంటికి ఆనదన్నది ఎవరో ఆవేశంలో అన్న మాట కాదు. 2001 జనాభా లెక్కల్లో ఇంటిపని చేసుకునే స్త్రీలను పనిచేయనివారి కింద, బిచ్చగాళ్లూ ఖైదీలూ ఉన్న వర్గంలో కలిపేశారు. రోడ్డు ప్రమాదంలో చనిపోయిన ఒక గృహిణి కుటుంబానికి ఎంత పరిహారం ఇవ్వాలన్న కేసులో 2010లో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా తప్పుపట్టింది. 2021 జనవరిలో అలాంటిదే మరో కేసులో మన తెలుగువారైన జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా తీర్పు రాస్తూ, గృహిణి శ్రమకు ఆదాయం కట్టడం ఆ శ్రమను గుర్తించడమేనని వివరించారు. 2024లో కేంద్ర గణాంక శాఖ జరిపిన సర్వేలో, ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్లు దానిమీద రోజుకు సగటున 289 నిమిషాలు పెడుతుంటే, పాల్గొన్న మగవాళ్లు పెట్టినది 88 నిమిషాలు. మీ భర్త ఆ 289 నిమిషాల వైపు నిలబడిన అరుదైన మగవాడు. ఆ వైపున నిలబడిన ఆడవాళ్లకు కనీసం ఫారాల్లో రాసుకోవడానికి "గృహిణి" అన్న మాట ఉంది. ఆయనకు అదీ లేదు.

మాట లేకపోవడం చిన్న విషయం కాదు. ఇంటిపట్టున ఉన్న ఆడమనిషిని "ఇల్లు చూసుకుంటోంది" అంటాం, మగమనిషిని "కూర్చున్నాడు" అంటాం. తెల్లవారి ఐదింటికి లేచి రాత్రి పదింటికి నడుం వాల్చే మనిషి గురించి మీ అమ్మగారు అన్నది కూడా "కూర్చోబెట్టి" అనే. ఇల్లరికపుటల్లుడు, పెళ్లాం సంపాదన తినేవాడు, కొంగు పట్టుకు తిరిగేవాడు అంటూ మన భాష మగవాడి కోసం దాచిపెట్టిన మాటలన్నీ వెక్కిరింతలే. పాత్రలు మారినప్పుడు పేర్లు తడబడడం మన చరిత్రలో కొత్తేమీ కాదు. ఓరుగల్లును ఏలిన రుద్రమదేవి తన శాసనాల్లో రుద్రదేవ మహారాజుగా కనిపిస్తుంది. సింహాసనం మీద ఆడమనిషి ఉన్నా పలకడానికి మగపేరే కావలసి వచ్చింది. మీ ఆయనకు ఆ పాటి అరువు పేరు కూడా దొరక్క, "కన్సల్టెన్సీ" అతికించారు.

"ఉద్యోగం పురుషలక్షణం" అని మీ అత్తగారు రోజూ అంటున్నారని రాశారు. ఆ మాటకు పూర్వం ఉన్న అర్థం పూనిక, ప్రయత్నం. భారతంలో ఉద్యోగపర్వం ఉంది కదా, అందులో పాండవులెవరూ నెలజీతానికి కుదరలేదు. కొలువులో చేరింది దానికి ముందున్న విరాటపర్వంలో. అక్కడ భీముడు వలలుడన్న పేరుతో చేరినది వంటశాలలోనే, దానివల్ల ఆయన భీమత్వం ఏమీ తగ్గలేదు. అసలు రుచిగా వండినదాన్ని మనం నలభీమపాకం అంటాం, ద్రౌపదీపాకం అనం. పెళ్లిళ్లలో గాడిపొయ్యి దగ్గర గరిటె తిప్పేది మగవాళ్లే, పేరున్న మెస్సుల్లో వంటమాస్టర్లు మగవాళ్లే. కూలి తీసుకుని వండితే మగపని, ఊరికే వండితే ఆడపని అని మనం ఎప్పుడు నిర్ణయించుకున్నామో గాని, మీ ఇంట్లో అందరినీ సిగ్గుపడేలా చేస్తున్నది వంట కాదు, దానికి జీతం లేకపోవడం. పాండవుల అజ్ఞాతవాసం ఏడాదితో అయిపోయింది. మీవారిది రెండో ఏడు దాటింది.

ఇక మీ అత్తగారి విషయం. ఆమెను మీరు పాతకాలపు మనిషి అని ఒక్క మాటలో తేల్చేశారు. నాకు అంత తేలికగా అనిపించలేదు. 1992లో దూబగుంట రోశమ్మ తోటి ఆడవాళ్లతో కలిసి సారా దుకాణం మూయించినప్పుడు ఆ ఉద్యమం నెల్లూరు జిల్లా ఊరూరా పాకింది. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధమైంది. దాని వెనకే పొదుపు సంఘాలు వచ్చాయి. మీ అత్తగారు ఆ రోజుల్లో ఊళ్లో సంఘం లీడరుగా ఉండి, పాస్‌బుక్కులు పట్టుకుని బస్సులో బ్యాంకుకు వెళ్లేవారని, మీ మామగారు "మగరాయుడిలా తిరుగుతోంది" అని ఎద్దేవా చేసేవారని మీరే రాశారు. అంటే తనకు కేటాయించిన గీత దాటడమంటే ఏమిటో, దాటితే సొంత ఇంట్లో ఏం వినవలసి వస్తుందో ఆమెకు మీకన్నా ముందే తెలుసు. బహుశా కొడుకు కూడా ఆ ఎగతాళి పడకూడదనే ఆమె తాపత్రయం.

ఇంకో కోణమూ ఉంది. ఆ పులుసు ఎవరిది? మీ ఆయన దాన్ని పుస్తకంలో చూసి నేర్చుకోలేదు, తల్లి దగ్గర నేర్చుకున్నారు. ఆమె చేతి వంట, ఆమె కొడుకు చేతిలో పండి, సొంత పెద్దకొడుకు దాన్ని మెచ్చుకుంటుంటే, ఆ మెప్పు కోడలికి వెళ్లింది. "అది నేను నేర్పిందిరా" అని ఆమె అనలేదు, అంటే మీ ముగ్గురి గుట్టూ రట్టవుతుంది. ఆమె కంచంలోంచి తల ఎత్తకపోవడంలో మీకు అవమానం కనిపించింది, నాకు మింగుకున్న గర్వం కూడా కనిపించింది. దానికి తోడు, కోడలి వంటింట్లో అత్తకు ఒక అధికారం ఉంటుంది, దిద్దడానికీ దెప్పడానికీ కూడా. కొడుకు వంటింట్లో ఆమెకు ఏం పాత్ర ఉందో ఎవరూ చెప్పలేదు. అరవై ఎనిమిదేళ్ల వయసులో హఠాత్తుగా పనిలేని మనిషి అయిపోయినది ఆ ఇంట్లో నిజానికి ఆమే.

మీరు ఓడిపోయారా అన్నారు. పోపులపెట్టె జాగా తెలియని మనిషి ఇల్లాలు కాదని మీకు ఎవరు చెప్పారో ఆలోచించండి. "కార్యేషు దాసీ, కరణేషు మంత్రీ" అంటూ మొదలయ్యే శ్లోకం భార్యకు ఆరు లక్షణాలు అప్పగించింది. భర్త ఎలా ఉండాలో చెప్పే జోడీ శ్లోకం కూడా ప్రచారంలో ఉంది, పెట్టింది తృప్తిగా తినాలన్నది అందులో ఒక లక్షణం. పెళ్లిపందిట్లో ఎవరూ దాన్ని ఎత్తరు. ఆ పాత ఆరు పనుల జాబితాకు కొత్తగా జీతం తెచ్చే పని కలిపితే మీ షీల్డు మీది ఆదర్శమహిళ తయారవుతుంది. మహిళా దినోత్సవానికి వాట్సాప్‌లో తిరిగే బొమ్మ మీరూ చూసే ఉంటారు: ఎనిమిది చేతుల దుర్గ, ఒక చేతిలో గరిటె, ఒక చేతిలో లాప్‌టాప్, ఇంకో చేతిలో పాలసీసా. అన్ని చేతులు ఎందుకు కావలసి వచ్చాయని ఎవరూ అడగరు. ఇంట్లో ఇంకో మనిషి రెండు చేతులూ ఖాళీగా ఉన్నాయన్న సంగతి ఆ బొమ్మలో కనబడదు. మీ ఇంట్లో ఆ చేతులు పనిలో ఉన్నాయి కాబట్టే మీకు ఎనిమిది అక్కరలేదు. మీ అమ్మగారు నాలుగింటికి లేచేవారని, మీరు ఆరున్నరకు లేస్తున్నారని రాశారు. ఆమెకు సాయం లేక లేచారు. అది వారసత్వంగా మోయవలసిన వ్రతమేమీ కాదు.

ఇప్పుడు ఉద్యోగం సంగతి. పాతిక వేలు వస్తాయి. వంటమనిషికి, బడి విడిచాక చిన్నవాణ్ణి చూసే మనిషికి, ఆయన పెట్రోలుకు, అలసిపోయిన రోజుల్లో తెప్పించుకునే కర్రీ పాయింట్ పొట్లాలకు పోగా, హైదరాబాద్‌లో అందులో ఎంత మిగులుతుందో బ్యాంకు మనిషి మీకు నేను చెప్పనక్కరలేదు. ప్లాట్లు అమ్మే పనిలో మొదటి కొనుగోలుదారులుగా అడగవలసింది బంధుమిత్రుల్నే. ఏ బంధువుల ఎదుట పరువు కోసం చేరుతున్నారో వాళ్ల దగ్గరికే బ్రోచర్లు పట్టుకుని వెళ్లవలసి వస్తుంది. ఇవన్నీ తెలిసి కూడా, ఆయనకు బయటి పని మీద, నలుగురితో మాట్లాడే జీవితం మీద నిజంగా కోరిక ఉంటే, చేరడం తప్పు కాదు. ఇంటి లెక్కలు సర్దుకోవచ్చు. కాని వేడుక నాటికి ఒక విజిటింగ్ కార్డు ఉండాలన్నందుకే అయితే, ఒక్క పూట జవాబు కోసం ఏళ్ల తరబడి ఇంటి అమరికను చెదరగొట్టుకున్నట్టవుతుంది. ఆరు నెలల్లో ఆయన అది మానేస్తే "అక్కడా నిలవలేదు" అన్న మాట కొత్తగా మొదలవుతుంది.

అందువల్ల ముందు తేలవలసింది ఆయన మనసు. "నీ ఇష్టం" అన్నది జవాబు కాదు. డబ్బు చేతిలో లేని మనిషి డబ్బున్న మనిషితో అనే మాట అది, మన అమ్మలు ఎన్నిసార్లు అనలేదు? మీరు "ఈ ఉద్యోగంలో చేరతావా" అని అడిగారు. అలా కాకుండా, ఎవరూ అడగరు, ఎవరూ చూడరు అనుకుంటే ఏం చేయాలనుంది అని అడిగి చూడండి. మీ పడకగదిలో లైటు తీసేశాక కాకుండా, పిల్లలు బడిలో ఉన్న ఒక శనివారం సెలవు పెట్టుకుని, ఎక్కడైనా కూర్చుని అడగండి. ఇంటిపనే నాకు బాగుంది అనవచ్చు. తన పాత రంగంలోకే వెళ్లాలని ఉందనవచ్చు, అప్పుడు నలభై మూడేళ్ల వయసులో కొత్త నైపుణ్యం నేర్చుకోవడానికి ఆయనకు సమయం, డబ్బు కావాలి, ఇంటిపనిలో కొంత మీరు మళ్లీ తీసుకోవాలి. ఏమీ తెలియడం లేదనవచ్చు. నిద్ర సరిగా పట్టకపోవడం, మనుషుల్ని తప్పించుకు తిరగడం, ఇష్టమైనవాటి మీద కూడా ఆసక్తి పోవడం కనిపిస్తే అది సిగ్గు దాటి కుంగుబాటు కావచ్చు. అలాంటప్పుడు ఉద్యోగం కన్నా ముందు వైద్యుడు. 14416కు ఫోను చేస్తే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయకులు తెలుగులోనే ఉచితంగా మాట్లాడతారు. ఒక్క జాగ్రత్త: ఇంటిపని ఇష్టమంటే వెంటనే "అయితే కర్రీ పాయింట్ పెట్టు, నీ పులుసు బాగుంటుంది" అనకండి. ఆయనకే అలాంటి ఆలోచన ఉంటే మంచిదే. లేనప్పుడు, పిల్లలకు వండే అన్నాన్ని కూడా అమ్మితేగాని దానికి విలువ లేదని మీరే చెప్పినట్టవుతుంది.

నిజం చెప్పాలా అన్నదానికి మీ ఎదుట మూడు దారులు కనిపిస్తున్నాయి. ఇప్పటిలాగే దాచవచ్చు. వేడుక రోజు గడిచిపోతుంది గాని, మీ అమ్మాయి పోపులపెట్టె అందించినట్టే ఇంకా చాలా అబద్ధాలకు చేయందించవలసి వస్తుంది. వేడుకలోనే పదిమంది ఎదుట చెప్పేయడం రెండోది. మీ మనసు తేలికపడుతుంది, కాని దాని బరువు ఆయన మీదా మీ అత్తగారి మీదా పడుతుంది. పైగా ఆ రోజు అమ్మాయిది, మీ దాంపత్యానిది కాదు. మూడోది నెమ్మదిగా, ఆయన అనుమతితో, దగ్గరివాళ్ల నుంచి మొదలుపెట్టడం. మొదట బావగారికి, అదీ ఆయన నోటితోనే, "ఆ రోజు పులుసు నేను పెట్టింది అన్నా, అమ్మ నేర్పింది" అని ఫోనులో ఒక్క మాట. చర్చ అక్కరలేదు, సంజాయిషీ అసలే వద్దు. నా మొగ్గు దీనివైపే, కాని దీనికీ ఖరీదు ఉంది. కొందరు నవ్వుతారు, కొందరు మీ ముందు మెచ్చుకుని వెనక చెవులు కొరుక్కుంటారు, మీ అమ్మగారు కొన్నాళ్లు ముభావంగా ఉంటారు. ఆయన ఒప్పుకోకపోతే మాత్రం మీరు చెప్పకండి. అది ఆయన జీవితం. అప్పుడు కూడా మీరు ఒంటరిగా చేయగలిగినది ఒకటుంది: ఆయన వంటకు వచ్చే మెప్పును ఇకమీదట తీసుకోకపోవడం. "నేను చేయలేదు వదినా, ఈ ఇంట్లో నా చేతికి ఎవరూ గరిటె ఇవ్వరు" అని నవ్వుతూ అంటే అబద్ధమూ ఉండదు, గుట్టూ ఉంటుంది.

డబ్బు విషయం దీనితో పాటే, నిజానికి దీనికన్నా ముందే చక్కబెట్టండి. ఆయన ఇక చీటీ రాయకూడదు. మీ జీతం పడే రోజునే ఇంటి ఖర్చు మొత్తం ఇద్దరి పేరిట ఉన్న ఖాతాలోకి వెళ్లాలి, దానిమీద ఆయనకు సొంత కార్డు ఉండాలి. విడిగా, ఎవరికీ లెక్క చెప్పనక్కరలేని మొత్తం ఇద్దరికీ సమానంగా ఉండాలి. మీ పేరిట పీపీఎఫ్ ఉంది, ఆయన పేరిట లేదన్నారు, తెరవండి. జీవిత బీమా మీకే చేయించారు, సంపాదించేది మీరు కాబట్టి. రేపు ఆయనకు ఏదైనా జరిగితే ఆ ఇల్లు నడపడానికి ఎంతమందిని పెట్టుకోవాలో లెక్కవేస్తే ఆయన మీద బీమా ఎందుకు కావాలో తెలుస్తుంది. ఫ్లాటు మీ ఒక్కరి పేరిట ఉన్నదన్న విషయం కూడా మీరిద్దరూ కూర్చుని మాట్లాడుకోవలసిందే. ఇదే ఉత్తరం ఒక భర్త రాసి, ఆస్తి అంతా తన పేరిట ఉందని, భార్యకు ఖాతా లేదని చెబితే, నేను ఆయనకు కూడా ఇదే చెబుతాను, బహుశా ఇంకొంచెం కటువుగా.

మీ అమ్మాయి ప్రశ్నకు ఇంకా జవాబు చెప్పలేదని రాశారు. ఆలస్యమైనా చెప్పండి. అప్పుడు నాకు భయం వేసింది, నాన్నను ఎవరైనా ఏమైనా అంటారని, నన్ను కూడా ఏమైనా అంటారని, అందుకే థాంక్స్ అనేశాను, అది తప్పే అని చెప్పడానికి ఒక నిమిషం పడుతుంది. మరి నాన్న ఏం చేస్తున్నారని బడిలో అడిగితే ఏం చెప్పాలి అని ఆ పిల్ల అడుగుతుంది. ఆ జవాబు మీరు సిద్ధం చేసి పెట్టకండి, ఏం చెబితే బాగుంటుందో తండ్రినే అడగమనండి.

వేడుకకు ఇంకా నాలుగు వారాలుంది. రెండు వందల మందికి వండేది కేటరింగువాళ్లు కాబట్టి ఆ రోజు గరిటె గొడవ ఎలాగూ ఉండదు. ఈలోగా వచ్చే ఆదివారం ఆయన పులుసు పెట్టేటప్పుడు మీ అత్తగారికి వంటింట్లోనే కుర్చీ వేయండి, పులుపు సరిపోయిందో లేదో ఆమెనే చూడమనండి. మీరు స్టవ్ కింది సొరుగు తెరిచి పోపులపెట్టె తీసి ఆయనకు అందించండి. ఏ గిన్నెలో ఏముందో అప్పటికి అమ్మాయిని అడిగి తెలుసుకోండి.